నాన్న చేతిరాతలో స్వింగ్

1942 మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం నాన్నకి అబద్ధం చెప్పి ఇంట్లోంచి బయటపడ్డాను. పక్క ఊరు హాలిఫాక్స్‌లో ఎడిత్ అత్తని చూసొస్తానన్నాను. వెళ్ళింది మాత్రం రెండు వీధుల అవతలున్న కోఆపరేటివ్ హాలుకి. నా ట్రాంబోన్ పెట్టెని అమ్మ ముందురోజే పాత దుప్పట్లో చుట్టి పక్కింటివాళ్ళ బొగ్గుల కొట్లో దాచిపెట్టింది. పందొమ్మిదేళ్ళ పిల్ల ఎవరితోనైనా లేచిపోవడానికి కూడా ఇన్ని ఏర్పాట్లు అక్కర్లేదు.

మా నాన్న సెత్ గ్రీన్‌వుడ్ ఎల్లర్‌క్లఫ్ మిల్లులో మగ్గాలు బాగుచేసే మేస్త్రి. సాయంత్రం ఒంటికంటిన నూనె కడుక్కుని, కోటు వేసుకుంటే మిల్లు బ్యాండుకి నాయకుడు. అందరూ మగాళ్ళే, అన్నీ ఇత్తడి వాద్యాలే. వాళ్ళ ముందు చిన్న కర్ర పట్టుకుని పందొమ్మిదేళ్ళుగా నిలబడుతున్నాడు. మా లోయలో బాకా ఊదడం వచ్చిన ప్రతివాడూ ఆయన శిష్యుడే. మగపిల్లలు లేరు కనక నాకూ నేర్పాడు. తొమ్మిదో ఏట ట్రాంబోన్ చేతికిస్తే దాని జారుడు గొట్టం చివరిదాకా చెయ్యి అందక కాలి బొటనవేలితో నెట్టేదాన్ని. అది చూసి అమ్మ కడుపు పట్టుకుని నవ్వేది, నాన్న మాత్రం "కాలైతేనేం, స్వరం సరిగ్గా పలికింది" అనేవాడు.

కానీ మిల్లు బ్యాండులో ఆడవాళ్ళకి చోటు లేదు. నా కచేరీలన్నీ వంటింట్లోనే, బంగాళాదుంపల బుట్టకి ఎదురుగా. రెండో ట్రాంబోన్ వాయించే అతను సైన్యంలోకి వెళ్ళి అప్పటికి ఏడాది దాటింది. ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. అందులో నన్ను కూర్చోబెట్టే మాట నాన్న ఒక్కనాడూ ఎత్తలేదు. నేనూ అడగలేదు. గొంతులో చేపముల్లు గుచ్చుకున్నా నలుగురిలో దగ్గడానికి సిగ్గుపడేవాళ్ళలా ఇద్దరం ఊరుకున్నాం.

అలాంటప్పుడు లెన్ హర్స్ట్ నన్ను చేపల దుకాణం క్యూలో పట్టుకున్నాడు. లెన్ దర్జీ. ఒక కాలు పొట్టి అని సైన్యం అతన్ని వద్దంది. శాక్సోఫోన్ వాయిస్తాడు, పదకొండుమందితో డాన్సు బ్యాండు నడుపుతాడు.

"హెట్టీ, నా ట్రాంబోన్ వాణ్ణి నేవీ ఎత్తుకుపోయింది. శనివారం వస్తావా?"

"నాన్న చంపేస్తాడు."

"నిన్నా, నన్నా?"

"ముందు నిన్నే."

"ఆయన నా దగ్గరికొచ్చేలోపు మొదటి పాట అయిపోతుంది. అది చాలు, రా."

రేడియోలో ఆ స్వింగ్ సంగీతం నేను విననిది కాదు. లండన్ పెద్ద హోటళ్ళ బ్యాండ్లు మిల్లు క్యాంటీన్లో మధ్యాహ్నం మోగేవి. నాన్న ప్రాక్టీసుకి వెళ్ళగానే ఇంట్లో అమ్మ రేడియో చెవి తిప్పేది. కానీ వినడం వేరు, దాని మధ్యలో కూర్చోవడం వేరు. ఆ శనివారం నా ముందు నాలుగు శాక్సోఫోన్లు, వెనక రెండు బాకాలు, పక్కన ఇంకో ట్రాంబోన్. శాక్సోఫోన్లు ఒక కబురు మొదలుపెడతాయి. బాకాలు అడ్డుపడి ఎకసెక్కం చేస్తాయి. మేం కింద నుంచి ఊఁ కొడతాం. కింద హాల్లో మా మిల్లు అమ్మాయిలూ, సెలవు మీదొచ్చిన సిపాయిలూ గిరగిర తిరుగుతుంటే చెక్క నేల మొత్తం మద్దెలలా మోగింది.

మొదటి పాట అవగానే లెన్ నా వైపు వంగాడు. "స్వరాలన్నీ సరిగ్గానే పడ్డాయి. కానీ నువ్వు శవయాత్రకి వాయిస్తున్నావు."

"ఉన్నదున్నట్టు వాయించాను."

"అదే చెప్పేది. తాళం నెత్తిన కూర్చోకు. దాని వెనక కాస్త ఆనుకుని కూర్చో. పనంతా అయ్యాక అరుగు మీద కూలబడతామే, అలా."

నాలుగో పాటకి నాకు అది పట్టుబడింది. పట్టుబడిన క్షణం ఇప్పటికీ ఒంటికి గుర్తు. పదకొండుమందిమీ కలిసి ఒక్క ఉయ్యాల ఎక్కినట్టయింది.

*

మా ఊళ్ళో రహస్యం మూడు వారాలు దాగిందంటే అదే ఎక్కువ. ఒకనాడు సాయంత్రం మేం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. నాన్న ముఖం గంటుపెట్టుకుని ఉన్నాడు. మగ్గాల హోరులో పనిచేసేవాళ్ళం మేం చప్పుడు లేకుండా పెదాలతోనే మాట్లాడుకుంటాం. అమ్మా నేనూ నేతపనివాళ్ళమే కనక ఆ అలవాటు ఇంటికీ తెచ్చుకున్నాం.

'తెలిసిపోయిందా?' అని నేను పెదాలు కదిపాను.

'తెలీలేదనుకుంటా. నువ్వు తిను' అంది అమ్మ అలాగే.

నాన్న చెంచా కింద పెట్టాడు. "నేనూ ఆ షెడ్డులోనే ముప్పై ఏళ్ళ బట్టి పనిచేస్తున్నా. మీరిద్దరూ కిటికీలోంచి అరిచినట్టే ఉంది నాకు."

అమ్మ మూతి బిగించుకుంది.

"దీనికోసమా నేను నీకు నేర్పింది?" అన్నాడు నాన్న నాతో. "గొట్టాన్ని తాగుబోతులా అటూ ఇటూ జార్చుకుంటూ, గంతులేసేవాళ్ళకి వాయించడానికా?"

"మరి దేనికి నేర్పావు?" అన్నాను. "బంగాళాదుంపలకి వినిపించడానికా?"

ఆయన మళ్ళీ చెంచా అందుకున్నాడు. ఆ రోజు నుంచి నాతో మాటలు మానేశాడు. ఉప్పు కావాలంటే అమ్మని అడిగేవాడు, ఉప్పు నా ముందున్నా సరే. నేనూ పట్టు వదల్లేదు. ప్రతి శనివారం ట్రాంబోన్ పెట్టె వీధి గుమ్మంలోంచే తీసుకెళ్ళాను. అమ్మ మాత్రం మా ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి విసిగిపోయింది. "ఈ ఇంట్లో ఊదేవాళ్ళు ఇద్దరున్నారు, చెవులున్నవాళ్ళు ఒక్కరూ లేరు" అనేది.

జూన్‌లో లెన్‌కి ఎక్కడినుంచో ఒక కొత్త రికార్డు దొరికింది. లండన్ బ్యాండుది. అచ్చయిన స్వరాల కాగితాలు మాలాంటి చిన్నవాళ్ళకి ఆ రోజుల్లో దొరకడం గగనం. విని రాసుకోవాల్సిందే. పైన నడిచే పాట ఎవరైనా పట్టుకోగలరు. లోపల్లోపల నడిచే స్వరాలున్నాయే, అవి మా పదకొండుమందిలో ఎవరికీ చిక్కలేదు. "నీ చెవి మంచిది, ప్రయత్నించు" అని రికార్డు నా చేతిలో పెట్టాడు లెన్.

గురువారం సాయంత్రం నాన్న ప్రాక్టీసుకి వెళ్ళగానే ముందుగదిలో గ్రామఫోను తిప్పి కూర్చున్నాను. యుద్ధం రోజుల్లో గడియారాలు రెండు గంటలు ముందుకి జరిపారు గనక తొమ్మిదింటికి కూడా కిటికీ నిండా ఎండ. ముల్లు పెట్టడం, రెండు మాత్రలు వినడం, ఎత్తడం, రాయడం. రాసింది వాయించి చూస్తే ఏదో పుల్లగా ఉంది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే.

"అర స్వరం పైన."

ఉలిక్కిపడి చూస్తే గుమ్మంలో నాన్న. సగంమంది మిల్లులో రాత్రి డ్యూటీలకి పోవడంతో ప్రాక్టీసు తొందరగా ముగిసిందట. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలీదు. పదహారు రోజుల తర్వాత నాతో ఆయన అన్న మొదటి మాట అది.

"ఏంటీ?"

"నువ్వు రాసింది తప్పు. రెండో ట్రాంబోన్ అర స్వరం పైనుంది. మళ్ళీ పెట్టు."

పెట్టాను. పైనే ఉంది.

ఆయన టోపీ తీయకుండానే కుర్చీ అంచున కూర్చున్నాడు. "ఆ శాక్సోఫోన్లు ఎందరు?"

"అయిదుగురు."

"అయిదుగురా?" తల ఒక పక్కకి వాల్చి విన్నాడు. "ఒక్కడు గాలి పీల్చినట్టుంది. మళ్ళీ పెట్టు."

ఆరుసార్లు పెట్టించాడు. ఏడోసారికి టోపీ తీశాడు. తర్వాత నా చేతిలోంచి పెన్సిలు లాక్కుని, నేను రాసిన కాగితం తిరగేసి, కొత్తగా గీతలు గీయడం మొదలుపెట్టాడు.

"లెన్ దగ్గర నలుగురే కదా. అయిదోవాడి స్వరం ఎక్కడ తగ్గించాలో చూడాలి. ఊరికే కోసేస్తే గోడలో ఇటుక పీకినట్టుంటుంది."

అమ్మ తలుపు దగ్గరికొచ్చి చూసింది. నోరు తెరవబోయి, చప్పున మూసుకుని, టీ పెట్టడానికి వెళ్ళింది.

లేవబోతూ నాన్న నాకేసి చూడకుండా అన్నాడు. "ఈ సంగీతం నాకు నచ్చిందనుకునేవు. తప్పులు రాస్తుంటే చూళ్ళేక, అంతే."

"అలాగే నాన్నా."

"ఇంకా ఉన్నాయా వాడి దగ్గర రికార్డులు?"

*

జులై నెలాఖరుకి నాన్న తొమ్మిది పాటలు రాశాడు. మా బ్యాండు రూపే మారిపోయింది. అంతదాకా సంతలో అరుచుకునేవాళ్ళలా వాయించిన మేం ఒకరి మాట ఒకరం వింటూ వాయించసాగాం. పొరుగూళ్ళ నుంచి కూడా జనం రాసాగారు. నాన్న మాత్రం హాలు గుమ్మం తొక్కలేదు. సోమవారం మిల్లులో నా మగ్గం దగ్గరికొచ్చి, బోల్టు బిగిస్తున్నట్టు నటిస్తూ పెదాలతో అడిగేవాడు: 'ఆ మూడో పాటలో బాకాలు ఎలా వచ్చాయి?'

చిక్కంతా ఆయన చేతిరాతతోనే వచ్చింది. నాన్న రాసే స్వరాలు తోకలున్న కప్పపిల్లల్లా ఎడమ వైపుకి వాలి ఉంటాయి. మా లోయలో సంగీతం తెలిసిన ప్రతివాడూ ఆ రాత చూసే పెరిగాడు. ఒక శనివారం ఎర్నెస్ట్ క్రాబ్‌ట్రీ గారు కూతుర్ని ఇంటికి తీసుకెళ్ళడానికి హాలుకొచ్చాడు. ఆయన మిల్లు రంగుల శాఖకి మేనేజరు, చర్చిలో పెద్ద, మిల్లు బ్యాండుకి కార్యదర్శి. వేదిక పక్కనుంచి పోతూ నా ముందున్న కాగితం చూశాడు. ఆగాడు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాడు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికి పరిగెత్తుకెళ్ళి ఆ మాట నాన్నకి చెప్పాను. ఆయన మాత్రం "అలాగా" అన్నాడు, అంతే.

గురువారం పనినుంచి వచ్చి, స్నానం చేసి, గడ్డం గీసుకుని, ఆదివారపు కోటు వేసుకున్నాడు.

"అమ్మాయ్, కోటు తొడుక్కో. ట్రాంబోన్ తీసుకో."

"ఎక్కడికి?"

"ప్రాక్టీసుకి."

బ్యాండు గది మిల్లు గుర్రాలశాల పైన ఉండేది. పదేళ్ళుగా దాని కింద నిలబడి వినడమే గాని మెట్లెక్కింది లేదు. మేం లోపలికి వెళ్ళేసరికి పదిహేనుమంది వాద్యాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. క్రాబ్‌ట్రీ గారు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. జేబులోంచి కాగితం తీసి అందరికీ కనబడేలా పట్టుకున్నాడు.

"సెత్, ఇది ఎవరి చేతిరాత?"

"చదవడానికి ఇబ్బందిగా ఉందా క్రాబ్‌ట్రీ గారూ? నాదే."

"ప్రార్థనాగీతాలు రాసే చేత్తో డాన్సు పాటలా?"

"చెయ్యి ఒకటే ఉంది. ఏం చేయను?"

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. నాన్న నా వైపు తిరిగాడు. "హెట్టీ, ఆ ఖాళీ కుర్చీలో కూర్చో."

ట్రాంబోన్ పెట్టె ఎత్తుకున్నాను. వెళ్ళి కూర్చున్నాను.

"వచ్చే నెల మిల్లు సెలవుల్లో పార్కులో కచేరీ ఉంది," అన్నాడు నాన్న అందరితో. "రెండో ట్రాంబోన్ లేక ఏడాదిగా కుంటుతున్నాం. ఈ పిల్ల మీలో చాలామందికంటే బాగా వాయిస్తుంది. ఆ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. చేర్చుకుందామంటున్నాను."

"ఆడపిల్లనా?" అన్నాడు క్రాబ్‌ట్రీ. "నిబంధన ఒప్పుకోదు."

"ఏ నిబంధన? చూపించండి."

"రాసిపెట్టాలా దాన్ని? మన తాతల నాటి నుంచీ ఉన్నదే కదా!"

వెనక నుంచి ముసలి ఏబెల్ గొంతు సవరించుకున్నాడు. డెబ్బై ఏళ్ళవాడు, పెద్ద బాకా వాయిస్తాడు. "నా పక్కన శ్రుతిలో వాయించే మనిషి కూర్చుని ఏడాదయింది. కూర్చున్నది మీసాలున్న మనిషా కాదా అని నేను చూడబోవడం లేదు."

చేతులెత్తించారు. కావాలన్నవాళ్ళు ఏడుగురు. వద్దన్నవాళ్ళు ఎనిమిది. ఆ ఎనిమిదిలో నాన్న దగ్గర చిన్నప్పుడు మా వంటింట్లోనే బాకా పట్టుకోవడం నేర్చుకున్నవాళ్ళు అయిదుగురు. వాళ్ళు నేల చూపులు చూస్తున్నారు.

నాన్న కోప్పడలేదు. చేతిలోని కర్రని స్టాండు మీద, దొర్లిపోకుండా, అడ్డంగా పెట్టాడు. "హెట్టీ, పద" అన్నాడు. మెట్లు దిగుతుంటే ముందు ఆయన, వెనక నేను.

వీధి మలుపులో వేయించిన చేపల వాసన వచ్చింది. "ఆకలిగా ఉంది" అన్నాడు నాన్న. చేపలూ, వేయించిన బంగాళాదుంప ముక్కలూ రెండు పొట్లాలు కొన్నాడు. కాలవ గట్టు గోడ మీద కూర్చుని, వెనిగరు కారుతున్న కాగితాల్లోంచి వేడివేడిగా తిన్నాం. ఎండ ఇంకా మిల్లు పొగగొట్టం మీద ఉంది.

"పందొమ్మిదేళ్ళ బ్యాండు," అన్నాను నేను. "నా వల్ల పోయింది."

"నీ వల్ల కాదు." ఆయన ఒక బంగాళాదుంప ముక్క తీసి, చూసి, మళ్ళీ పొట్లంలో పెట్టాడు. "ఆ కుర్చీ ఖాళీ అయిన రోజే అడగాల్సింది. అడిగితే ఇదే అవుతుందని తెలుసు. భయపడ్డాను, హెట్టీ. ఏడాదిపాటు ప్రతి గురువారం ఆ కుర్చీ ముందు నిలబడి కర్ర ఊపాను. ఇంటికొస్తే నువ్వు వంటింట్లో వాయిస్తుండేదానివి."

నా పొట్లంలోని పెద్ద చేపముక్క తీసి ఆయన పొట్లంలో పెట్టాను. ఆయన తినేశాడు.

*

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. అక్టోబరులో ఏబెల్, ఇంకో నలుగురూ కలిసి మా గుమ్మంలోకొచ్చి నాన్నని మళ్ళీ రమ్మన్నారు. ఆయన ఒంటరిగా రానన్నాడు. ఈసారి ఎవరూ చేతులెత్తించలేదు. క్రిస్మస్‌కి మిల్లు బ్యాండులో మేం ముగ్గురం ఆడవాళ్ళం. యుద్ధం ముగిసేసరికి ఏడుగురయ్యారు. అందులో క్రాబ్‌ట్రీ గారి కూతురు ఒకతి. కాని అప్పటికి నేను అక్కడ లేను. 1943లో సైనిక శిబిరాల్లో వాయించే ఒక పెద్ద డాన్సు బ్యాండులో చేరి నాలుగేళ్ళు దేశమంతా తిరిగాను. నాన్న రాసిన తొమ్మిది పాటలూ నా పెట్టెలో ఉండేవి. ఆ కథలు చాలా ఉన్నాయి, అవి వేరే. ఆ వేసవి అనగానే నాకు గుర్తొచ్చేది మాత్రం ఒక్క మధ్యాహ్నం.

ఆగస్టులో మిల్లు సెలవుల వారం అది. రైళ్ళెక్కి సముద్రానికి పోవద్దు, సెలవులు ఊళ్ళోనే గడపండని ప్రభుత్వం చెప్పింది గనక ఊరంతా పార్కులోనే ఉంది. ఉదయం మిల్లు బ్యాండు వాయించింది. క్రాబ్‌ట్రీ గారే కర్ర ఊపాడు. కర్ర దారి కర్రది, బ్యాండు దారి బ్యాండుది అయింది. మధ్యాహ్నం మా వంతు. గడ్డి మీదే డాన్సు. అమ్మ తన మిల్లు స్నేహితురాళ్ళతో కలిసి ముందు వరసలో తిరుగుతోంది.

మూడో పాట వాయిస్తుండగా కంచె దగ్గర నాన్న కనిపించాడు. కూరగాయల మడి నుంచి ఇంటికి పోతున్నవాడిలా చంకలో ఒక క్యాబేజీ. మా మడి పార్కుకి పూర్తిగా వ్యతిరేక దిక్కున ఉంది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

అమ్మ చూసింది. గడ్డి దాటి నేరుగా ఆయన దగ్గరికెళ్ళింది. పాట ముగిసింది గనక వాళ్ళ మాటలు నాకు వినబడ్డాయి.

"రా సెత్."

"నాకు రాదే."

"నీకు రాదని పెళ్ళినాడే తెలుసుకున్నా. రా."

"చేతిలో క్యాబేజీ ఉంది."

అమ్మ దాన్ని లాక్కుని, పక్కనే బల్ల మీద కూర్చున్న ముసలి ఏబెల్ ఒళ్ళో పెట్టింది. "పట్టుకో ఏబెల్. దీన్ని జార్చావంటే రేపటికి మాకు కూర లేదు."

లెన్ అంతా చూస్తూనే ఉన్నాడు. మా వైపు తిరిగి మెల్లిగా అన్నాడు. "మొదటిది తీయండి." అందరికీ అర్థమైంది. ఆ గురువారం ఎండలో టోపీ తీసి కూర్చుని నాన్న రాసిన పాట. నలుగురు శాక్సోఫోన్లు అయిదుగురిలా గాలి పీల్చి ఎత్తుకున్నారు.

నాన్న నిలువునా కర్రలా ఉన్నాడు. అమ్మ ఆయన చెయ్యి తన నడుము మీద పెట్టుకుని లాగింది. ఒక అడుగు, ఇంకో అడుగు. ఆయన పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు. నాలుగు వరసలయ్యేసరికి లెక్క ఆపేశాడు. భుజాలు కిందికి దిగాయి. తాళం వెనక ఆనుకున్నాడు. నాకు లెన్ మాటల్లో చెప్పినదాన్ని ఎవరూ చెప్పకుండానే ఆయన ఒళ్ళు పట్టుకుంది. అమ్మ తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. పాతికేళ్ళ మనిషిలా ఉంది. ట్రాంబోన్ పక్కనుంచి వాళ్ళనే చూస్తూ కూర్చున్నాను, కళ్ళనిండా నీళ్ళు, నాకున్న ఎనిమిది మాత్రల విరామం వచ్చి, మళ్ళీ అందుకోవాల్సిన చోటూ దాటిపోయింది...

గడ్డి మధ్యలో నాన్న టక్కున ఆగాడు. తల తిప్పి నన్నే చూశాడు. చుట్టూ నలభై జంటలు తిరుగుతున్నాయి, ఆయన ఒక్కడే నిలబడి వేలు నా వైపు చూపిస్తున్నాడు.

హడావుడిగా అందుకున్నాను.

పాట అవగానే వేదిక దగ్గరికొచ్చాడు, చెమటలు కక్కుతూ, అమ్మ చెయ్యి వదలకుండానే. "రెండు మాత్రలు ఆలస్యం," అన్నాడు. "పదేళ్ళలో మొదటిసారి. ఏమయింది నీకు?"

"కళ్ళలో ఏదో పడింది నాన్నా."

"కూతురి రెండు మాత్రలు వినబడ్డాయి గాని," అంది అమ్మ, "మూడుసార్లు నా కాలు తొక్కావు, అది తెలీలేదు."

నాన్న తన బూట్ల వైపు చూసుకున్నాడు. అమ్మ చెక్క చెప్పుల వైపు చూశాడు. గొంతు సవరించుకుని, జీవితంలో మొదటిసారి లెన్ హర్స్ట్‌తో మర్యాదగా మాట్లాడాడు.

"లెన్ బాబూ, ఇంకోటి వాయిస్తారా? కాస్త నెమ్మదైంది చూడండి."